ఊరి పేరు.. దేవుడి పేరు.. ట్రేడ్‌మార్కుకు చిక్కు

* దరఖాస్తులు ఎందుకు తిరస్కరణకు గురవుతున్నాయి?
* పేరు ఖాయం చేసుకునే ముందే చూసుకోవలసినవి ఇవీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఊళ్లో పది మందికీ తెలిసిన పేరు. ఏళ్ల తరబడి ప్యాకెట్లపై అచ్చవుతున్న పేరు. దానిని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించబోతే మాత్రం చెన్నై కార్యాలయం నుంచి అభ్యంతరం వస్తుంది. గడువులోగా సమాధానం అందకపోతే దరఖాస్తు మూలన పడుతుంది. చెల్లించిన రుసుము తిరిగి రాదు. చిన్న వ్యాపారులు, మరనేత ఆసాములు, స్వయం సహాయక సంఘాల మహిళలు ఎదుర్కొనే ఈ చిక్కుకు మూలం చాలాసార్లు దరఖాస్తు నింపిన తీరులో ఉండదు. పేరు ఎంచుకున్న రోజునే ఉంటుంది.

సరుకు ఏమిటో, ఎక్కడిదో, ఎంత మంచిదో ఒక్క మాటలో చెప్పే పేరంటే వ్యాపారికి మక్కువ. సిరిసిల్ల చీరకు ఊరి పేరు, జగిత్యాల పసుపునకు 'మేలైన', 'స్వచ్ఛమైన' అనే మాట, కోరుట్ల దుకాణానికి కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి, వేములవాడ రాజన్నల పేరు పెట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ. చట్టం చూపు దీనికి భిన్నం. సరుకు గురించి ఎంత ఎక్కువ చెబితే ఆ పేరు అంత బలహీనమని చట్టం భావిస్తుంది. అలాంటి మాటలు ఆ వ్యాపారం చేసే వారందరికీ అవసరం. ఒక్కరికే రాసిస్తే మిగిలినవారు తమ సరుకును తాము వర్ణించుకునే వీలుండదు.

పేరుకు ఎంత విలువ?

సిరిసిల్ల సాంచాలపై నేసిన పాలిస్టర్ గుడ్డ చాలాకాలం పేరు లేకుండానే టోకు వ్యాపారుల చేతికి వెళ్లింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరలకు, బడి పిల్లల ఏకరూప దుస్తుల గుడ్డకు కూడా నేతదారు సొంత పేరు అక్కరలేకపోయింది. ప్రభుత్వ ఆర్డరు తగ్గిన ఏడాది బహిరంగ మార్కెట్‌లో నిలబడాలంటే మాత్రం కొనేవారు గుర్తుపట్టి అడిగే పేరు కావాలి. మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల్లో పసుపును కొమ్ములుగా యార్డుకు తరలించడానికి బదులు పొడిగా పట్టించి ప్యాకెట్లలో అమ్మాలనుకునేవారిదీ ఇదే అవసరం.

బీడీ పరిశ్రమకు పేరు విలువ ఏమిటో ముందే తెలుసు. తునికాకు, తంబాకు అందరివీ ఒక్కటే. కట్టపై అంటించే లేబులే తేడా. కర్ణాటకలోని మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ భాగస్వాముల మధ్య వివాదంతో ఆ సంస్థను 1994లో విక్రయించినప్పుడు పలికిన ధర 92 కోట్ల రూపాయలు. ఆ వ్యాపారంతో పాటు చేతులు మారిన ట్రేడ్‌మార్కులు కూడా ఆదాయపు పన్ను లెక్కల్లో ఆస్తిగానే పరిగణనకు వస్తాయని సుప్రీంకోర్టు 2015లో తీర్పునిచ్చింది. అంటే లేబులు మీది పేరు కూడా యంత్రంలా ఒక ఆస్తి. ఆ ఆస్తికి పట్టాయే ట్రేడ్‌మార్కు నమోదు.

జీఎస్టీ నంబరు, ఉద్యమ్ ధ్రువపత్రం, ఆహార భద్రత లైసెన్సు, కంపెనీ రిజిస్ట్రేషను.. ఇవేవీ పేరుపై హక్కును ఇవ్వవు. ఈ కాగితాలన్నీ ఉన్నాయన్న ధీమాతో ట్రేడ్‌మార్కు సంగతి పట్టించుకోనివారు, మరొకరు అదే పేరుతో నోటీసు పంపినప్పుడు గాని మేల్కొనడం లేదు.

చట్టం ఏమంటోంది?

ప్రస్తుతం అమలులో ఉన్నది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. దరఖాస్తు, విచారణల పద్ధతిని 2017 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. తిరస్కరణకు కారణాలు ప్రధానంగా రెండు సెక్షన్లలో ఉన్నాయి. పేరులోనే లోపముంటే 9వ సెక్షను. పేరు బాగానే ఉన్నా ముందే మరొకరిది ఉంటే 11వ సెక్షను వర్తిస్తుంది.

ఊరి పేరు ఒక్కరిది కాదు

సరుకు రకం, నాణ్యత, పరిమాణం, ప్రయోజనం, పుట్టిన చోటు.. వీటిని మాత్రమే సూచించే మాటలను 9వ సెక్షను అంగీకరించదు. సిగరెట్లకు 'సిమ్లా' అనే పేరు కోరిన ఇంపీరియల్ టొబాకో కంపెనీకి 1977లో కలకత్తా హైకోర్టులో చుక్కెదురైంది. దేశమంతటా తెలిసిన ఊరి పేరును ఒక్క కంపెనీ సొంతం చేసుకోరాదన్నది దాని సారం. అంతటి కంపెనీకే సాధ్యం కానిది, చీరలకు 'సిరిసిల్ల' అని, పసుపునకు 'జగిత్యాల' అని కోరేవారికి సాధ్యమవుతుందని ఆశించలేం.

లేబులుపై ఊరి పేరు ఉండనే కూడదని దీని అర్థం కాదు. ప్రత్యేకమైన పేరు, బొమ్మలతో కలిపి లేబులు మొత్తాన్ని నమోదు చేయించవచ్చు. అయితే 17వ సెక్షను ప్రకారం ఆ నమోదు వల్ల ఊరి పేరుపై విడిగా హక్కు రాదు. పక్క వీధిలోని వారు కూడా తమ చీరలపై 'సిరిసిల్ల' అని రాసుకోవచ్చు.

ఊరి ప్రతిష్ఠను ఊరంతా కలిసి కాపాడుకోవడానికి వేరే దారి ఉంది. అది భౌగోళిక గుర్తింపు. పోచంపల్లి ఇకత్, సిద్దిపేట గొల్లభామ చీరలు, కరీంనగర్ వెండి తీగ పని, నిర్మల్ బొమ్మలు ఆ గుర్తింపు పొందినవే. ఉత్పత్తిదారుల సంఘమో, ప్రభుత్వ సంస్థో దానికి దరఖాస్తు చేయాలి. అలా గుర్తింపు పొందిన పేరును వేరొకచోటి సరుకుకు ట్రేడ్‌మార్కుగా పెట్టబోతే అదీ తిరస్కరణకు కారణమే. జగిత్యాల తోటల్లో విరివిగా కాసే బంగినపల్లి మామిడికి 2017లో ఆంధ్రప్రదేశ్‌ తరఫున భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి 'బంగినపల్లి' అనే మాటను ఇక్కడి మామిడి వ్యాపారి తన ట్రేడ్‌మార్కుగా చేసుకోజాలడు.

వరి బియ్యం మిల్లర్లు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన జేజీఎల్ 1798 రకాన్ని రైతులు 'జగిత్యాల సన్నాలు' అని పిలుస్తారు. ఇలాంటి వంగడం పేరు ఆ రకం పండించే ప్రతి రైతుకూ, ఆడించే ప్రతి మిల్లుకూ చెందుతుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద ఒక రకానికి కేటాయించిన పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయరాదని ఆ చట్టంలోనే ఉంది.

తెలుగులో రాసినా అర్థం చూస్తారు

'స్వచ్ఛమైన', 'మేలైన', 'అసలైన', 'నంబర్ వన్' వంటి పొగడ్త మాటలదీ ఇదే దారి. ఇంగ్లీషు మాటైతేనే అభ్యంతరమని, తెలుగులో ఉంటే చెన్నైలోని పరిశీలకుడికి తెలియదని కొందరు భావిస్తారు. అది పొరపాటు. గుర్తులోని మాటలు ఇంగ్లీషు, హిందీ కాని భాషలో ఉంటే, వాటిని ఎలా పలకాలో, అర్థం ఏమిటో ఆ రెండింటిలో ఒక భాషలో దరఖాస్తులోనే తెలపాలి. పసుపు పొడికి 'బంగారు రంగు' అని తెలుగులో పేరు పెట్టినా అది వర్ణనే. అర్థం ఇవ్వకుండా వదిలేస్తే అదొక అదనపు అభ్యంతరం.

దేవుడి పేరు ఎంతవరకు?

దేవతల పేర్లపై చట్టంలో పూర్తి నిషేధం లేదు. కానీ రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, భక్తుల మనసు నొప్పించే వాడకం. చెప్పులపై దేవుడి బొమ్మ వంటివి 9వ సెక్షను కింద నేరుగా తిరస్కరణకు గురవుతాయి. రెండోది, అందరూ వాడే పేరు కావడం. పట్నాకు చెందిన ఒక వ్యాపారి అగరుబత్తులకు 'రామాయణ్' అనే పేరు కోరిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పవిత్ర గ్రంథం పేరును ఏ ఒక్కరూ తమ సొంతమని చెప్పుకోరాదని, పైగా ఆ ప్రాంతంలో పలువురు వ్యాపారులు అదే పేరు వాడుతున్నారని 2015లో కోర్టు ఆ దరఖాస్తును నిరాకరించింది. అంజన్న పేరిట ఎన్ని కిరాణా దుకాణాలు, రాజన్న పేరిట ఎన్ని బట్టల కొట్లు ఉన్నాయో తెలిసినవారికి ఈ తీర్పు వేరుగా వివరించనక్కరలేదు.

జాతీయ నేతల విషయంలో నియమం మరింత కఠినం. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ప్రకారం జాతీయ జెండా, మహాత్మాగాంధీ, నెహ్రూ, ఇందిరాగాంధీ, ఛత్రపతి శివాజీల పేర్లు, బొమ్మలను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడరాదు. బతికున్న వ్యక్తి, లేదా మరణించి 20 ఏళ్లు దాటని వ్యక్తి పేరు, బొమ్మ వాడితే ఆ వ్యక్తి లేదా వారసుల రాతపూర్వక అంగీకారాన్ని రిజిస్ట్రారు కోరవచ్చు. సినీ నటుడి బొమ్మ, రాజకీయ నాయకుడి పేరు పెట్టాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చెవికి ఒకేలా వినిపిస్తే..

ఇక 11వ సెక్షను. ముందే నమోదైన, లేదా ముందే దరఖాస్తు చేసిన పేరును పోలి ఉండి, సరుకు కూడా అలాంటిదే అయితే కొత్త దరఖాస్తుకు అభ్యంతరం తప్పదు. అక్షరాలు వేరుగా ఉంటే చాలునన్నది అపోహ. మద్రాసు నస్యం వ్యాపారంలో 'శ్రీ అంబాళ్' పేరు ఉండగా మరొకరు 'శ్రీ ఆండాళ్' కోరారు. ఇద్దరు దేవతలూ వేరే, రాత వేరే, బొమ్మలూ వేరే. అయినా పలికినప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయని 1969లో సుప్రీంకోర్టు రెండో పేరును నిరాకరించింది. అంగట్లో నోటితో అడిగి కొనే బీడీ కట్ట, నస్యం, నూనె ప్యాకెట్ల వంటివాటికి ఈ తీర్పు అచ్చంగా సరిపోతుంది.

'అమృతధార', 'లక్ష్మణధార' మందుల వివాదంలో 1962లో కోర్టు చెప్పింది కూడా ఇదే. కొనేవాడు రెండు సీసాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూడడు; పల్లెవాసి అయినా, పట్టణవాసి అయినా మసకగా గుర్తున్న పేరుతో అంగడికి వస్తాడు. అతడు పొరబడే అవకాశముందా అన్నదే కొలమానం. అయితే లక్ష్మణధార చాలాకాలంగా నిజాయతీగా వాడుకలో ఉందని, అమృతధార వారు తెలిసీ ఊరుకున్నారని తేలడంతో ఉత్తరప్రదేశ్‌కే పరిమితం చేస్తూ నమోదుకు అవకాశమిచ్చారు. ఏళ్లనాటి వాడుకకు రుజువులు ఉంటే ఫలితం మారుతుందనడానికి ఇది ఉదాహరణ.

సరుకులు వేరైతే ఒకే పేరు ఇద్దరికీ దక్కవచ్చు. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి 'నందిని' పేరు వాడుతోంది. బెంగళూరులో ఆంధ్ర భోజనానికి పేరొందిన 'నందిని డీలక్స్' హోటళ్లు 1989 నుంచి ఉన్నాయి. పాలు వేరు, హోటలు వేరు, రెండు గుర్తుల రూపమూ వేరేనంటూ 2018 జులైలో సుప్రీంకోర్టు హోటలుకు అనుకూలంగా తీర్పునిచ్చింది. పాలు, పాల ఉత్పత్తులను మాత్రం ఆ నమోదు నుంచి తొలగించింది.

కానీ పేరు ప్రజల్లో బాగా నాటుకుపోతే సరుకు వేరైనా ఫలితం ఉండకపోవచ్చు. 'ఈనాడు' అనేది ప్రతి తెలుగువారి నోటా వచ్చే సాధారణ మాట. బెంగళూరుకు చెందిన ఒక సంస్థ ఆ మాటతో అగరుబత్తులు అమ్మగా, 1974 నుంచి వెలువడుతున్న ఈనాడు దినపత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాటకు పత్రికగానే అసాధారణ గుర్తింపు వచ్చిందని, ఆ రాష్ట్రంలో ఆ పేరుతో అగరుబత్తులు అమ్మరాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు మాట కూడా ఏళ్ల వాడుకతో ఒకరి సొంత గుర్తు కాగలదని, ఇతరుల పేరుప్రతిష్ఠల నీడన వ్యాపారం చేయరాదని ఈ తీర్పు చెబుతోంది.

ఎలాంటి పేరు నిలుస్తుంది?

సరుకుతో సంబంధం లేని మాట, లేదా నిఘంటువులో లేని కొత్త మాట అన్నిటికన్నా గట్టిది. కూతురి పేరు నుంచి పుట్టిన 'నిర్మా' ఇందుకు ఉదాహరణ. ఊరి మీద మమకారం వదులుకోలేనివారికి 'అమూల్' మంచి దారి చూపింది. ఆనంద్ అనే గుజరాత్ పట్టణంలోని పాల సంఘం ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలే 'అమూల్' అయ్యాయి. ఊరి పేరు అందులో దాగి ఉంది. 'అమూల్య' అన్న మంచి అర్థమూ స్ఫురిస్తుంది. పాలు, వెన్న అన్న ఊసే లేదు. ఊరి పేరు, ఇంటి పేరు, దేవుడి పేరు నుంచి ఒకటి రెండు అక్షరాలు తీసుకుని కొత్త మాట కూర్చుకునే ఈ పద్ధతి ఇక్కడి వ్యాపారులకూ పనికివస్తుంది.

దరఖాస్తుకు ముందు.. తరువాత

* పేరు వెతకాలి: లేబుళ్లు అచ్చు వేయించకముందే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. అదే స్పెల్లింగు ఒక్కటే చూస్తే చాలదు. ఉచ్చారణలో పోలిన పేర్లను కూడా చూడాలి. తెలుగు మాటను ఇంగ్లీషులో రాయగల తీరులన్నిటితోనూ వెతకడం మేలు.

* తరగతి సరిచూసుకోవాలి: సరుకులు, సేవలను 45 తరగతులుగా విభజించారు. నూలు 23, గుడ్డ 24, చీరలు సహా దుస్తులు 25, వంటనూనెలు, పచ్చళ్లు 29, పసుపు పొడి, బియ్యం 30, పచ్చి పండ్లు, విత్తనాలు 31, బీడీలు 34, హోటళ్లు 43వ తరగతిలోకి వస్తాయి. గుడ్డకు నమోదు చేయించి దుస్తులు అమ్మితే రక్షణ అసంపూర్ణమే. దాఖలు చేశాక కొత్త సరుకులు చేర్చడానికి, గుర్తు స్వరూపాన్ని మార్చడానికి వీలుండదు.

* రుసుము: వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000 రూపాయలు. చిన్న పరిశ్రమగా రాయితీ పొందడానికి ఉద్యమ్ ధ్రువపత్రం ఉపయోగపడుతుంది.

* యజమాని ఎవరో స్పష్టంగా రాయాలి: వ్యాపారం అన్నదమ్ములదై దరఖాస్తు ఒక్కరి పేరిట ఉంటే, వాటాలు పంచుకునే నాడు ఆ పేరే తగాదాకు మూలమవుతుంది.

* వాడుకకు రుజువులు: ఫలానా ఏడాది నుంచి పేరు వాడుతున్నామని చెబితే ప్రమాణపత్రం, ఆధారాలు జతపరచాలి. తేదీ ఉన్న అమ్మకం బిల్లులు, లేబుళ్లు అచ్చు వేసిన ముద్రణాలయం రసీదులు, పత్రికా ప్రకటనలు, పన్ను పత్రాలు ఇందుకు పనికివస్తాయి. చిట్టీల మీద వ్యాపారం సాగించినవారి దగ్గర 20 ఏళ్ల పేరున్నా దానిని నిరూపించే కాగితం ఒక్కటీ ఉండదు. వర్ణనాత్మకమైన పేరు కూడా దరఖాస్తు నాటికే దీర్ఘకాల వాడుకతో ప్రత్యేకత సంతరించుకుందని రుజువైతే నమోదుకు అర్హమే.

* 30 రోజులు మరవరాదు: పరిశీలన నివేదికలో అభ్యంతరం వచ్చిందంటే తిరస్కరించినట్లు కాదు. నివేదిక అందిన 30 రోజుల్లో సమాధానమివ్వాలి, లేదా విచారణ కోరాలి. ఏదీ చేయకపోతే దరఖాస్తు వదిలివేసినట్లు పరిగణిస్తారు. నివేదిక ఈ-మెయిలుకు వస్తుంది. దరఖాస్తు నింపిన ఏజెంటు తన ఈ-మెయిలు ఇచ్చి ఊరుకుంటే అసలు వ్యాపారికి సంగతే తెలియదు. అందువల్ల సొంత ఈ-మెయిలు, ఫోను నంబరు ఇచ్చి, దరఖాస్తు సంఖ్యతో అప్పుడప్పుడూ వెబ్‌సైటులో చూసుకోవడం తప్పనిసరి.

* ప్రకటన తరువాత 4 నెలలు: అభ్యంతరాలు తొలగాక గుర్తును ట్రేడ్‌మార్కుల పత్రికలో ప్రకటిస్తారు. అక్కడి నుంచి 4 నెలల్లోగా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. వ్యతిరేకత నోటీసు అందితే 2 నెలల్లో ప్రతివాదన దాఖలు చేయాలి. లేకుంటే ఇక్కడా దరఖాస్తు పోతుంది. ఏ చిక్కూ లేకుండా నమోదైతే దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది. తరువాత ప్రతి 10 ఏళ్లకు పునరుద్ధరించుకోవచ్చు.

* 'ఆర్' గుర్తు అప్పుడే: వలయంలో 'ఆర్' గుర్తును నమోదు పూర్తయ్యాకే వాడాలి. ముందే వేసుకుంటే జరిమానాకు గురవుతారు. అప్పటివరకు 'టీఎం' అని రాసుకోవచ్చు.

తిరస్కరిస్తే ఏం చేయాలి?

తిరస్కరణకు కారణాలను రిజిస్ట్రారు రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఉత్తర్వుపై నెలలోగా అక్కడే పునఃసమీక్ష కోరవచ్చు, లేదా 3 నెలల్లోగా హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. ఈ అప్పీళ్లను విచారించిన మేధో సంపత్తి అప్పీళ్ల మండలి 2021లో రద్దయింది.

కోర్టుకు వెళ్లే ముందు ఏ సెక్షను కింద తిరస్కరించారో చూసుకోవడం ముఖ్యం. వర్ణన అనో, ఊరి పేరు అనో 9వ సెక్షను కింద నిరాకరిస్తే సాధారణంగా ఆ మాటను ఇతరుల్లాగే వాడుకోవచ్చు. సొంతమని మాత్రం చెప్పుకోలేరు. కొత్త పేరు జోడించి మళ్లీ దరఖాస్తు చేయడం అక్కడ చవకైన మార్గం. 11వ సెక్షను కింద మరొకరి పేరును పోలి ఉందని నిరాకరిస్తే పరిస్థితి వేరు. నమోదు రాకపోవడమే కాదు, ఆ పేరు వాడకం కొనసాగిస్తే అవతలివారు కోర్టుకెక్కే ప్రమాదమూ ఉంటుంది. అయితే అవతలివారి వాడుక, నమోదు రెండింటికన్నా ముందు నుంచే తాము వాడుతున్నట్లు రుజువులున్నవారికి 34వ సెక్షను రక్షణ కల్పిస్తోంది. పాత బిల్లుల కట్ట విలువ అప్పుడే తెలిసేది.

పది వేల లేబుళ్లు అచ్చయ్యాక, గోడలపై పేరు రాయించాక, ఊరూరా సరుకు వెళ్లాక పేరు మార్చుకోవాలంటే నష్టం లేబుళ్ల ఖర్చుతో ఆగదు. అప్పటిదాకా సంపాదించిన గుర్తింపు కూడా దానితోనే పోతుంది. కాగితం మీద పేరు ఒక్కటే ఉన్న రోజున వెతికి చూసుకుంటే అయ్యే ఖర్చు ఏమీ లేదు.